కుంటి సాంచె

రోజూ నడవమని డాక్టరు చెప్పింది నాకు. ఆ మాటను పట్టుకున్నది మాత్రం నా మనవరాలు. ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది. సూరత్‌కు దగ్గర్లో ఉండాలి, చెట్లూ నీళ్ళూ ఉండాలి, ఎత్తులు ఉండకూడదు, ముసలివాళ్ళు నడవగలగాలి, దారి తప్పకూడదు. ఇన్ని షరతులతో నేను పెళ్ళి సంబంధం కూడా వెతకలేదు.

"అమ్మమ్మా, గిది చూడు. గాడీల ఏక్ ఘంటా, బస్. లోపల తొవ్వంత బాణం గుర్తులుంటయి. నేను పిన్ గూడ వేసి పెట్టిన. తప్పిపోవుడు అనేదే ఉండది" అంది.

ఈ పిల్ల ఒక్క మాటలో మూడు రాష్ట్రాలు తిరిగొస్తుంది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున్నే తీసుకుపోయింది. టేకు చెట్లు, మధ్యలో వెదురు పొదలు, సన్నటి మట్టిదారి. దారి పొడవునా నిజంగానే బాణాలు ఉన్నాయి. తను ముందు నడుస్తోంది, నేను వెనక. కారు దిగేటప్పుడే తన చెప్పు పట్టీ ఒకవైపు ఊడింది. "వాపస్ వోయేటప్పుడు మోచీకి ఇస్త తియ్యి" అని అలాగే నడుస్తోంది. నా ఎడమ చెవి ఎప్పుడో మూసుకుపోయింది. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు దారం కండెలు చుట్టే మిషన్ పక్కన కూర్చున్నందుకు అది నాకు దక్కిన బహుమానం. పిట్టల అరుపులు నాకు వినపడటం లేదని తనకు చెప్పలేదు, చెబితే చిన్నబోతుంది. కానీ ఆ చెప్పు చప్పుడు మాత్రం వినిపించింది. తప్పు... త-తప్పు. తప్పు... త-తప్పు.

నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఏమైంది అమ్మమ్మా? థక్ గయే? కూసుంటవా?"

"లేదే. మా తాత గుర్తొచ్చిండు."

సూరత్ పక్క అమ్రోలీలో మేముండే చోటు అప్పట్లో ఊరికి చివర. కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. మా బాపు పనిచేసే సాంచెల కార్ఖానా ఆ వరసలో ఆఖరిది. దాని వెనక గోడకు ఆనుకుని పది ఖోలీలు, అందులో ఒక్క గది మాది. మా తలుపు తీస్తే ఊరు అయిపోయినట్టే. అక్కడి నుంచి పక్కూరు కోసాడ్ దాకా చెరుకు, జొన్న, మధ్యలో ఒక కాలువ. ఇప్పుడు అక్కడ ఒకదాని మీద ఒకటిగా ఇళ్ళు. కాలువ ఏ రోడ్డు కింద పోతోందో నేనే చెప్పలేను.

ఖోలీలో ఎప్పుడూ నూనె వాసన, కొత్త గుడ్డ వాసన, కిరసనాయిలు పొయ్యి మీద కాలే రొట్టె వాసన. వీటన్నిటి మీదా పగలూ రాత్రీ సాంచెల చప్పుడు. ఆ చప్పుడులో పుట్టినవాళ్ళం కాబట్టి అది మాకు వినపడేదే కాదు. వారానికోసారి కరెంటు సెలవు వచ్చి సాంచెలు ఆగితే, చిన్నపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు.

బాపుకు చెవులు అప్పటికే సగం పోయాయి. పన్నెండు గంటలు సాంచెల మధ్య నిలబడేవాళ్ళకు అది జలుబు చేసినంత మామూలు సంగతి. అందుకని మా ఇంట్లో ప్రేమగా అడిగిన మాట కూడా పోట్లాటలాగే ఉండేది. "ఇంకో రొట్టె ఎయ్యాల్నా?" అని అమ్మ అరిస్తే, కొత్తగా వచ్చినవాళ్ళు ఏం గొడవో అని తలుపులోంచి తొంగి చూసేవాళ్ళు.

నాకు పదేళ్ళున్నప్పుడు, చలి మొదలవుతుండగా మా తాత వచ్చాడు. ఊళ్ళో మా నాయనమ్మ పోయింది. ఆయనది గుంటమగ్గం, చేతినేత. మగ్గం అమ్మేసి, గుంటను మట్టితో పూడ్చి, రైలుబండెక్కాడు. వెంట తెచ్చుకున్నవి తంబాకు డబ్బా, మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే, చేతిలో అరిగి నున్నగైన పాత నాడె, భుజం మీద తను నేసుకున్న తెల్ల తువ్వాలు. అంతే.

తాత మాట మెత్తన. బాపు చెవి మొద్దు. మూడేళ్ళ తర్వాత కలిసిన తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చుని ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు.

"ఈడ జొన్నలు దొరుకుతయారా?" అని తాత అడిగేవాడు.

"ఆఁ, తలుపు గడియ పెట్టిన నాయినా" అని బాపు చెప్పేవాడు.

తాత తల ఊపి ఊరుకునేవాడు. నాకు నవ్వు ఆగేది కాదు. అమ్మ నా తొడ మీద గిల్లేది.

వచ్చిన మూడోనాడే తాత తప్పిపోయాడు. తంబాకు కోసం పోయి తిరిగొస్తూ, అన్ని ఖోలీలకూ ఒకే నీలిరంగు తలుపులు ఉండేసరికి, వేరే వరసలో ఎవరి గదిలోకో వెళ్ళి మంచం మీద కూర్చుని "నీళ్ళియ్యి బిడ్డా" అన్నాడట. అది ఒడియా పనివాళ్ళ గది. వాళ్ళకు ఆయన మాట అర్థం కాలేదు గానీ ముసలాయన ఆకలి అర్థమైంది. నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, చేప ముక్క వేశారు. బాపు పని వదిలేసి ఊరంతా వెతికి, చీకటి పడుతుండగా ఆ గది కనుక్కునేసరికి తాత తృప్తిగా చెయ్యి కడుక్కుంటున్నాడు.

బాపుకు కోపం రావడం నేను అరుదుగా చూశాను. ఆ రోజు చూశాను.

"చూడు నాయినా. సాంచెలిడిసి నేను గిట్ల ఊర్ల తిరిగితే సేఠ్ ఇంకొకన్ని నిలబెడతడు. నీకు ఈడి మాట రాదు, అక్షరం రాదు. ఇంకొక్కసారి తప్పిపోయినవంటే అక్క దగ్గరికి బండెక్కిస్త. నేను ఒట్టిగ చెప్తలేను."

బాపు పనికి వెళ్ళిపోయాక తాత గోడవైపు చూస్తూ, "అల్లుని ఇంట్ల కంచం ముందట ఎన్నొద్దులు కూసుంట" అన్నాడు. అది ఎవరితోనూ అన్న మాట కాదు. నేను అక్కడ ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. అప్పటికి ఆయన వచ్చి మూడు రోజులే. కానీ ఆ ఇంట్లో నాతో అరవకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయన. ఆయన వెళ్ళిపోతాడేమోనని పోయి ఆయన మంచం పక్కనే కూర్చున్నాను.

ఆ తర్వాత తాత గడప దాటలేదు. మంచం మీద కూర్చునేవాడు, కాళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. యాభై ఏళ్ళు మగ్గం కింది కర్రలు తొక్కిన కాళ్ళు అవి. వాటంతటవే ఒకటి తర్వాత ఒకటి నేలను తొక్కుతుండేవి. వారం తిరిగేసరికి మోకాళ్ళు వాచాయి. అన్నం సగం వదిలేయడం మొదలుపెట్టాడు.

అమ్మ ఇంట్లోనే కూర్చుని కండెలు చుట్టేది. చేతిలో దారం ఆపకుండానే నాతో అంది, "పొద్దంత గట్లనే కూసుంటే మామ ఎండిపోతడు. బడి కెంచి వచ్చినంక నువ్వన్న జర బయటికి తీస్కపో. దగ్గర్నే మంచి తొవ్వ చూడు. తప్పిపోయిండ్రంటే మీ బాపు ఇద్దర్ని కలిపి బండెక్కిస్తడు."

అలా పదేళ్ళకే నాకు ఒక ఉద్యోగం దొరికింది. తాతకు తేలికైన నడక దారులు వెతకడం. ఇప్పుడు నా మనవరాలికి ఆ ఫోన్ చేసిపెడుతున్న పనిని నేను నా కాళ్ళతో చేశాను. బడి నుంచి వస్తూ ఒక్కో గట్టూ నడిచి చూసేదాన్ని. ఎక్కడ గుంతలున్నాయి, ఎక్కడ కుక్కలున్నాయి, తాత కూర్చోవడానికి ఎక్కడ రాయి ఉంది అని. కానీ తిరిగి రావడం ఎలా అన్నదే తెలిసేది కాదు. చెరుకు పెరిగాక లోపలికి వెళితే ఏ గట్టయినా ఒకటే.

దానికి ఉపాయం తాతే చెప్పాడు. మొదటి రోజు మా ఖోలీ ఎదుటి తుమ్మచెట్టు దాకా వెళ్ళాం. పసుప్పచ్చ తుమ్మపూల వాసన వేస్తోంది. తాత చెట్టు మొదట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"గిన్ని సాంచెలల్ల మీ బాపుది ఏదో చెప్పు పిల్లా" అన్నాడు.

నేను చెవులు రిక్కించాను. నాకు అంతా ఒకటే ఘోష.

"కిటికీ పక్కది. ఇను. అది కుంటుతున్నది." తాత తొడ మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. టక్కు... ట-టక్కు. టక్కు... ట-టక్కు. "నాడెను కొట్టే తోలుపట్టా కుడిదిక్కు సాగింది. గా దిక్కుకెంచి నాడె బద్ధకంగ వస్తున్నది."

చాలాసేపటికి, ఆ ఘోషలోంచి ఒక్క పోగు ఊడి చేతికి వచ్చినట్టు, నాకూ అది వినపడింది. మా బాపు నడిపేవి నాలుగు సాంచెలు. అందులో పొలాలవైపు తెరిచే కిటికీ పక్కది అది. నిజంగానే కుంటుతోంది. పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నాను, ఎప్పుడూ వినలేదు.

"బాపుకు చెప్పాల్నా తాతా? సాంచెల మాస్టరుకు చెప్పి బాగుచేయించుకుంటడు" అన్నాను.

తాత ఒక కన్ను తెరిచాడు. "చెప్పకు. బాగుచేస్తే మనకు తొవ్వ ఎవడు చెప్తడు?"

ఇది మా ఇద్దరి దొంగతనం. అమ్మకు కూడా చెప్పలేదు. కుంటి సాంచె వినపడినంత దూరం వెళ్ళడం, అది సన్నబడగానే వెనక్కి తిరగడం, అది పెద్దదయ్యే వైపు నడవడం. చిన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చున్న నాటి నుంచి చెవితో బతికిన మనిషి ఆయన. పోగు తెగితే కంటి కన్నా ముందు చెవికి తెలిసేదట. చూసి దారి గుర్తుపెట్టుకోవడం ఆయనకు రాదు. విని గుర్తుపెట్టుకోవడం వచ్చు.

అలా మాకు రెండు మూడు నడకలు కుదిరాయి. మోకాళ్ళు నొప్పిగా ఉన్నరోజు తుమ్మచెట్టు దాకా. కాస్త బాగుంటే కాలువ గట్టు. అక్కడ నీళ్ళ మీదికి వంగిన కొమ్మలకు గిజిగాడి గూళ్ళు వేలాడుతుండేవి. కింద రాలిన గూడొకటి తీసి తాత అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేత మంచిగనే ఉన్నది గని అంచు సక్కగ లేదు" అని పెదవి విరిచాడు. దాన్ని ఇంటికి తెచ్చి మేకుకు తగిలిస్తే, చీమలొస్తాయని అమ్మ అవతల పారేసింది. చెరుకు బండి పోతుంటే వెనక నుంచి నేనొక గడ లాగేదాన్ని, తాత ముందు నుంచి బండివాడికి దండం పెట్టి మాటల్లో పెట్టేవాడు. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బండివాడు మాత్రం నవ్వుతూ వెళ్ళేవాడు. తాతకు పళ్ళు లేవు కాబట్టి గడంతా నాకే.

అన్నిటికన్నా దూరంది కోసాడ్ వైపు జొన్నచేను. దాని గట్టున ఒక రైతూ ఆయన భార్యా నిప్పుల మీద పాలజొన్న కంకులు కాల్చి, గుడ్డసంచిలో వేసి కర్రతో కొట్టి గింజలు రాల్చేవాళ్ళు. వాళ్ళ మాటలో దాన్ని పోంక్ అంటారు. మొదటిసారి మేమెళ్ళినప్పుడు ఆమె "ఆవో కాకా, బేసో" అని చేటను తిరగేసి తాతకు పీటలా వేసింది. ఆకులో వేడి వేడి పచ్చ గింజలు పోసి, పైన సన్నకారప్పూసలాంటి సేవ్ చల్లి, నిమ్మకాయ పిండింది. తాత నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. పళ్ళు లేని నోట్లో అవి అలాగే నలిగాయి. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇవి ఊసబియ్యమే! పిల్లా, మన ఊసబియ్యమే గదనే ఇవి!"

చేనులో కంకి కాల్చుకుని తినడం మా ఊళ్ళో ఆయన చిన్ననాటి నుంచి ఎరిగిన సంగతి. ఇంత దూరం రైల్లో వచ్చి, ఏ అక్షరమూ ఏ మాటా తెలియని చోట, ఆ రుచి ఆయన్ను గుర్తుపట్టింది. లేచి ఆ రైతు చేతిలో కర్ర తీసుకుని తనే సంచిని కొట్టడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి ఇంట్లో రెండు రొట్టెలు తిన్నాడు. అమ్మ నావైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. ఆ చూపుకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పటికీ గుర్తుంది.

ఇలా చలికాలం సగం గడిచింది. తప్పిపోయింది ఆ తర్వాతే.

ఆ రోజు మాకు బడి లేదు. మధ్యాహ్నం దాటాక జొన్నచేనుకు వెళ్ళాం. తాత గింజలు నములుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. చేతిలో ఆకు కింద పెట్టాడు.

"మీ బాపు సాంచె ఆగింది."

"పోగు తెగిందేమో తాతా."

"పోగు ముడేసుటానికి గింతసేపు పట్టది."

ఇంకాసేపు చూశాం. ఆ ఘోష సన్నగా అలాగే ఉంది, అందులోని కుంటు మాత్రం లేదు. తాత ముఖం తెల్లబడింది. కిందటి నెలే పక్క కార్ఖానాలో నాడె ఎగిరి ఒకతని కంటికి తగిలింది. ఇంట్లో వారం రోజులు అదే మాట. తాత తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. మోకాళ్ళ సంగతి మరిచిపోయినట్టు నడుస్తున్నాడు.

కొంత దూరం వెళ్ళాక గాలి మళ్ళింది. తాత చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

"అగో! అగో, నడుస్తున్నది. ఇనబడుతుందా? టక్కు, ట-టక్కు."

నాకూ వినపడింది. ఇద్దరం నవ్వేశాం. నేను ఆయన చెయ్యి పట్టుకుని గెంతాను. ఆ చప్పుడు వైపు తిరిగి చెరుకులోకి దిగాం. అది పెద్దదవుతూ వచ్చింది. ఆకులు మొహానికి గీసుకుంటున్నా పట్టించుకోకుండా నడిచాం. చెరుకు అయిపోయి ఒక గోడ కనిపించింది. కిటికీ కనిపించింది. తాత గబగబా వెళ్ళి కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూశాడు.

లోపల కుంటుతున్న సాంచె ముందు ఉన్నది మా బాపు కాదు. ఎవరో పడుచువాడు, మీసం కూడా సరిగా రాలేదు. మమ్మల్ని చూసి తల ఎగరేసి ఏమిటని అడిగాడు. అసలు అది మా కార్ఖానాయే కాదు. కోసాడ్ అవతల ఎక్కడో కొత్తగా లేచిన షెడ్డు.

సాంచెలు లేనివాళ్ళు దారి తప్పితే తెలియని చోటికి పోతారు. మేము తెలిసిన చప్పుడు పట్టుకుని తెలియని చోటికి వచ్చాం.

తాత ఊచలు వదల్లేదు. "నా చెవులు గూడ ముసలియైనయి పిల్లా" అన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. నాకు దారి తప్పిన భయం కాదు, రైలు భయం.

పొద్దు వాలుతోంది. ఆ పడుచువాడు బయటికొచ్చి హిందీలో కాలువ గట్టు ఎటో చూపించాడు. అటే నడిచాం. గట్టు చేరేసరికి దూరం నుంచి మా బాపు గొంతు వినిపించింది.

"నాయినా! ఓ నాయినా!"

మేమింకా ఇంటికి రాలేదని అమ్మ చెప్పి పంపినట్టుంది, కాలువకు అవతలి గట్టున సైకిల్ మీద వస్తున్నాడు. నేను "బాపూ! ఈడున్నం!" అని నా శక్తికొద్దీ అరిచాను. తాత కూడా అరిచాడు. బాపు మమ్మల్ని పిలుస్తూ, మా జవాబు వినపడక, మా ఎదురుగానే దాటిపోయాడు. ముందుకు వెళ్ళి మళ్ళీ "నాయినా!" అని పిలిచాడు. ఆ పిలుపు ఏడుపులా ఉంది. మా బాపుకు ఎంత వినపడదో నాకు ఆ రోజే తెలిసింది.

తాత ఒక చెరుకుగడ విరిచి, భుజం మీది తెల్ల తువ్వాలు దాని కొసకు కట్టి, రెండు చేతులతో పైకెత్తి ఊపాడు. వెనక్కి తిరిగి వస్తున్న బాపు దాన్ని చూసి సైకిల్ అక్కడే పడేసి, మొలలోతు నీళ్ళలో దిగి వచ్చేశాడు. తాత రెండు భుజాలూ పట్టుకుని కళ్ళలోకి చూశాడు. తాత కూడా బాపు కళ్ళనే చూస్తున్నాడు, రెండూ బాగున్నాయా లేదా అని.

ఇంటికొచ్చాక తడి పంచె మార్చుకుంటూ బాపు గట్టిగా అన్నాడు, "ఐతారం బండెక్కిస్త. అక్కకు జాబు రాస్త." తాత "మంచిది బిడ్డా" అన్నాడు. తన నాడె తీసి సంచిలో పెట్టుకున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు.

నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో, మంచమెక్కి బాపు చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "తాతది తప్పు కాదు! నీ సాంచె చప్పుడు ఇనుకుంట వస్తుండె దినాము! కిటికీ పక్కది కుంటుతది, అది ఇనుకుంట వస్తుండె! ఇయ్యాల ఆగింది, నీకేమన్న అయిందని ఉరికిండు!"

బాపు నావైపు తిరిగాడు. "కుంటుతదా?"

"కుంటుతది."

"ఇయ్యాల దానికి మాస్టరు పట్టా మార్చిండు" అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. "కుంటుతదని నాకు ఎర్కే లేదు."

పన్నెండు గంటలు దాని ముందు నిలబడే మనిషికి తెలియని చప్పుడును, మైలు అవతల నుంచి తండ్రి వింటూ వచ్చాడు. బాపు తాతవైపు చూశాడు. తాత సంచి మూతి కట్టుకుంటున్నాడు. ఆ రాత్రి అమ్మ కూడా అరవలేదు.

మర్నాడు మధ్యాహ్నం బాపుకు అన్నం గిన్నె తీసుకుని నేను కార్ఖానాకు వెళ్ళాను. బాపు కిటికీ పక్క సాంచె ఆపి, దాని కింద కూర్చుని ఉన్నాడు. చేతిలో మాస్టరు పారేసిన పాత తోలుపట్టా ముక్క ఉంది. దాన్ని నాడెను కొట్టే కర్రకు, కొత్త పట్టా లేని రెండో దిక్కున కడుతున్నాడు. కట్టాక సాంచె నడిపాడు. కర్ర ఊగినప్పుడల్లా ఆ ముక్క చెక్కకు తగిలి ఒక దెబ్బ ఎక్కువ పడుతోంది. గుడ్డకు ఏ నష్టమూ లేదు, నాడెకు అడ్డమూ లేదు. వట్టి చప్పుడు, అంతే. బాపు చెక్క మీద అరచెయ్యి పెట్టి చూశాడు, అదురు తెలుస్తుందేమోనని. తెలిసినట్టు లేదు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"తుమ్మచెట్టు దాక ఉరుకు. ఇనబడుతుందో చూసి రా."

పరిగెత్తాను. విన్నాను. తిరిగొచ్చి, కొంచెం అని వేళ్ళతో చూపించాను. బాపు ముక్కను ఇంకా వదులు చేశాడు. మళ్ళీ పరిగెత్తాను. ఈసారి కాలువ దాకా వినపడింది. వచ్చి రెండు చేతులూ బార చాపి చూపించాను. బాపు నవ్వాడు. ఎందుకో నాకు ఏడుపొచ్చింది. మాస్టరు వచ్చి ఏమిటీ వేషమని తిట్టాడు. బాపు వినపడనట్టు నిలబడ్డాడు. చెవుడు ఆయనకు ఉపయోగపడటం ఆ ఒక్కసారే చూశాను.

ఆ సాయంత్రం బాపు ఇంటికొచ్చి, మూలనున్న సంచి విప్పి, నాడె తీసి, గూట్లో దాని చోట పెట్టి పడుకున్నాడు. అక్కకు జాబు రాసే మాట మళ్ళీ ఎత్తలేదు.

తెల్లారి తాతను నేనే బతిమాలి బయటికి తీసుకుపోయాను. ఆయన అయిష్టంగానే వచ్చాడు. తుమ్మచెట్టు దాకా వచ్చాక ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి ఆయన ముఖమే చూస్తున్నాను.

"మీ బాపు సాంచె మళ్ళ కుంటుతున్నది" అన్నాడు.

"ఔ తాతా" అన్నాను అమాయకంగా.

తాత ఇంకాసేపు విన్నాడు. ఆయన పెదవులు కదిలాయి.

"ఈపారి ఎడమ కాలు" అన్నాడు.

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కాలువ దాటాం, జొన్నచేనూ దాటాం. ఆ రోజు నడిచినంత దూరం మేము మళ్ళీ ఎప్పుడూ నడవలేదు.

తాత ఆ తర్వాత ఆరు చలికాలాలు మాతోనే ఉండి, మా ఖోలీలోనే పోయాడు. ఆయన పోయిన మర్నాడు బాపు పనికి వెళ్ళి ఆ తోలుముక్క విప్పేశాడని మాస్టరు అమ్మకు చెప్పాడట. ఇప్పుడు బాపూ లేడు. ఆ కార్ఖానా సాంచెలు తుక్కు కింద పోయాయి, కొత్త మిషన్లు కిమ్ వైపు వెళ్ళాయి. వాటికి నాడె ఉండదట.

ఇదంతా మనవరాలికి చెప్పాను, కాసేపు రాతి మీద కూర్చుని, కాసేపు నడుస్తూ. తను ఫోన్ చూసుకుంటూనే వింటోందనుకున్నాను. తల ఎత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. లేచి ముందు నడిచింది. టేకాకుల మీద తన చెప్పు పడుతోంది. తప్పు... త-తప్పు. నేను బాణాలు చూడటం మానేశాను.

కారు దగ్గరికి వచ్చాక తను చెప్పు తీసి చేత్తో పట్టుకుని చూసింది.

"ఫాటక్ దగ్గర మోచీ ఉంటడు అమ్మమ్మా. పాంచ్ మినిట్. ఇచ్చి పోదామా?"

"ఇప్పుడే వద్దే" అన్నాను. "వచ్చే ఐతారం గూడ నడువాలె గదా. గట్లనే ఉండనీ."